ఆ స్నాతకోపన్యాసం ఎవరికి?

అమెరికా చదువుల ప్రవేశ పరీక్షకి తయారయ్యే రోజుల్లో, ఒక జిరాక్సు కాగితం మీద ఈ ఉపన్యాసాన్ని మొదటిసారి చదివాను. మొత్తం కాదు, మూడు పేరాలు. కింద ఒక ప్రశ్న: వక్త ముఖ్యోద్దేశం ఏమిటి? నాలుగు జవాబులిచ్చారు. విద్యార్థులను అభినందించడం, శాంతి అవసరాన్ని వివరించడం, సోవియట్ యూనియన్‌ని విమర్శించడం, విశ్వవిద్యాలయాల గొప్పతనం చెప్పడం. నేను రెండోదానికి టిక్కు పెట్టాను. కీలో కూడా అదే ఉంది. మార్కు పడింది, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత ఆ ఉపన్యాసం పూర్తిగా, దాని వెనకా ముందూ జరిగినవాటితో కలిపి చదివాను. అప్పుడు ఆ మార్కు నాకు రాకూడదేమో అనిపించింది. శాంతి అవసరమని చెప్పడానికి అమెరికా అధ్యక్షుడు ఎండలో మైదానంలోకి వచ్చి నిలబడనక్కర్లేదు. 1963లో ఆ మాటని కాదన్నవాడు ఎవరూ లేరు. బాంబులు పేల్చేవాళ్ళు కూడా శాంతి కోసమే పేలుస్తున్నామనేవారు. మరి కెన్నెడీ ఎందుకు మాట్లాడినట్టు? ఎవరితో మాట్లాడినట్టు?

తేదీ 1963 జూన్ 10, సోమవారం. స్థలం వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ. సందర్భం స్నాతకోత్సవం.

స్నాతకోపన్యాసం అంటే మనకందరికీ ఒక అంచనా ఉంది. గౌన్లు, టోపీలు, ముందు వరుసలో పెద్దలు, వెనక ఫొటోల కోసం తొందరపడే తల్లిదండ్రులు. వక్త నాలుగు మంచి మాటలు చెబుతాడు, అందరూ చప్పట్లు కొడతారు, సాయంత్రానికి మరిచిపోతారు. మన దేశంలో ఈ సంప్రదాయం పాతదే. చదువు ముగించుకుని వెళ్ళిపోతున్న శిష్యుడికి గురువు చెప్పే హితవు తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉంది. మన విశ్వవిద్యాలయాలు ఇవాళ్టికీ ఆ మాటలను స్నాతకోత్సవాల్లో వాడుకుంటూనే ఉన్నాయి.

అరిస్టాటిల్ ఉపన్యాసాలను మూడు రకాలు చేశాడు. సభలో మాట్లాడేది ఒకటి: రేపు ఏం చెయ్యాలో చెప్పడానికి. న్యాయస్థానంలో మాట్లాడేది ఒకటి: నిన్న జరిగినదాంట్లో తప్పెవరిదో తేల్చడానికి. ఉత్సవంలో మాట్లాడేది మూడోది: ఇవాళ మన ముందున్నదాన్ని పొగడడానికో తెగడడానికో. స్నాతకోపన్యాసం ఈ మూడో రకం. దాని మీద ఎవరూ ఓటు వెయ్యరు, తీర్పు ఇవ్వరు. అందుకే అది ఎవరినీ భయపెట్టదు. కెన్నెడీ ఆ రోజు చేసిన పని, ఈ మూడో రకం ఉపన్యాసంలో మొదటి రకాన్ని దాచిపెట్టడం.

అలా దాచాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలో, బికినీ దీవుల దగ్గర ఒక హైడ్రోజన్ బాంబు పేల్చింది. హిరోషిమా బాంబుకి దాదాపు వెయ్యి రెట్లు. దూరంగా చేపలు పట్టుకుంటున్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలో 23 మంది. అందరూ జబ్బుపడ్డారు, ఆ సెప్టెంబర్‌లో ఒకరు చనిపోయారు. ఆ పేలుడు జరిగిన నెలకి, ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో నిలబడి, పూర్తి ఒప్పందం ఎప్పటికి కుదురుతుందో గానీ ముందు ఈ పరీక్షలనైనా ఆపండి అని అడిగారు. అణుపరీక్షల నిలుపుదల అనే ఆలోచనని అంతర్జాతీయ వేదిక మీదకి తెచ్చిన తొలి గొంతుల్లో అదొకటి.

పరీక్షలు ఆగలేదు. 1958 చివర్లో రెండు దేశాలూ కొంతకాలం విరామం పాటించాయి, 1961లో అదీ పోయింది. ఆ అక్టోబర్ 30న సోవియట్ యూనియన్ సుమారు 50 మెగాటన్నుల బాంబు పేల్చింది. మనిషి పేల్చిన బాంబుల్లో ఇప్పటికీ అదే పెద్దది. మరుసటి ఏప్రిల్‌లో అమెరికా కూడా గాలిలో పరీక్షలు మళ్ళీ మొదలుపెట్టింది. ఈ పేలుళ్ళ ధూళి గాలిలో తిరిగి, వానతో గడ్డి మీద పడి, ఆవు తిని, పాలలోకి వచ్చేది. అందులోని స్ట్రాన్షియం-90ని ఒళ్ళు కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో తల్లులు తమ పిల్లల ఊడిన పాలపళ్ళను శాస్త్రవేత్తలకి పంపడం 1958 నుంచే మొదలైంది. పళ్ళలో ఆ విషం లెక్క ఏటికేడు పెరుగుతోందని తేలింది.

1962 అక్టోబర్‌లో క్యూబా క్షిపణుల సంక్షోభం. పదమూడు రోజులు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. అది గడిచాక కెన్నెడీకీ, క్రుశ్చేవ్‌కీ ఒక సంగతి అర్థమైంది: ఇంకొకసారి ఇలా జరిగితే ఇద్దరి చేతుల్లోనూ ఉండదు.

ఇద్దరికీ పరీక్షల నిషేధం కావాలి. అయినా కుదరలేదు. కారణం వినడానికి చిన్నదే. భూగర్భంలో జరిగేది భూకంపమా, అణుపరీక్షా అని తేల్చుకోవడానికి సోవియట్ నేల మీద తనిఖీలు ఉండాలని అమెరికా పట్టు. ఏడాదికి మూడు తనిఖీలు చాలని అమెరికా అంటోందని క్రుశ్చేవ్‌కి అర్థమైంది. తనవాళ్ళను ఒప్పించి ఆ మూడుకి ఒప్పుకున్నాడు. తీరా చూస్తే అమెరికా ఎనిమిదంది, తర్వాత ఏడంది. తనవాళ్ళ ముందు తనని వెర్రివాణ్ణి చేశారన్నది క్రుశ్చేవ్ బాధ. రాజకీయాల్లో బాంబు కంటే అవమానం ఎక్కువసార్లు పనులు చెడగొట్టింది.

ఇక్కడ ఒక పత్రికా సంపాదకుడు కథలోకి వస్తాడు. 'సాటర్డే రివ్యూ' సంపాదకుడు నార్మన్ కజిన్స్. కెన్నెడీకి తెలిసే, 1963 ఏప్రిల్‌లో క్రుశ్చేవ్‌ని నల్లసముద్రం ఒడ్డున కలిశాడు. అది నిజంగా పొరపాటే, మోసం కాదు అని చెప్పడానికి ప్రయత్నించాడు. తిరిగొచ్చి కెన్నెడీకి ఒక సలహా ఇచ్చాడు: జూన్‌లో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశం ఉంది, అక్కడ క్రుశ్చేవ్ గట్టిగా మాట్లాడక తప్పదు, దానికంటే ముందే మీరు కొత్త గొంతుతో మాట్లాడండి.

అలా చెప్పినవాళ్ళలో కజిన్స్ ఒక్కడే లేడు. అంతకుముందు సంవత్సరం సెప్టెంబర్‌లో, అంటే క్యూబా సంక్షోభానికి కొద్ది వారాల ముందు, మన రాజాజీ 83 ఏళ్ళ వయసులో వాషింగ్టన్ వెళ్ళి కెన్నెడీని కలిశారు. పొట్టి శ్రీరాములు దీక్ష నాటి మద్రాసు ముఖ్యమంత్రిగా తెలుగువాళ్ళకి గుర్తుండిపోయిన రాజాజీయే. ఆ జ్ఞాపకం మనకి తీయనిది కాదు. కానీ ఆ ముసలాయన గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున, అణుపరీక్షలు ఆపమని అడగడానికి అంత దూరం వెళ్ళారు. ఆ సమావేశం అనుకున్న సమయం దాటి సాగింది. దానివల్లే కెన్నెడీ మారాడని నేననను. చెవిన పడ్డ గొంతుల్లో అదొకటి, అంతే.

ఇక ఉపన్యాసం. రాసినవాడు టెడ్ సోరెన్సన్. మామూలుగా ఇలాంటి ఉపన్యాసం చిత్తుప్రతి విదేశాంగ శాఖకీ, రక్షణ శాఖకీ వెళ్ళాలి. అక్కడ ఒక్కో అధికారి ఒక్కో వాక్యానికి కత్తెర వేస్తాడు. ఈసారి చివరి గడియ దాకా వాళ్ళకి చూపించలేదు. కెన్నెడీ హొనొలులులో మేయర్ల సదస్సులో మాట్లాడి, రాత్రంతా ప్రయాణం చేసి, ఆ ఉదయమే వాషింగ్టన్‌లో దిగాడు. చివరి దిద్దుబాట్లు విమానంలోనే. స్నాతకోత్సవం అనే ముసుగు ఇక్కడ పనికొచ్చింది. అధ్యక్షుడు ఒక కాలేజీలో పిల్లలకి నాలుగు మాటలు చెప్పబోతున్నాడంటే ఏ శాఖ అధికారికి అనుమానం వస్తుంది?

మొదలు కూడా స్నాతకోపన్యాసంలాగే ఉంది. చిన్న జోకు: సెనేటర్ రాబర్ట్ బర్డ్ ఏళ్ళ తరబడి రాత్రి క్లాసులకెళ్ళి అక్కడ న్యాయశాస్త్ర పట్టా తీసుకుంటున్నాడని. తర్వాత ఆ విశ్వవిద్యాలయాన్ని 1914లో వుడ్రో విల్సన్ ప్రారంభించిన సంగతి. విల్సన్ పేరు ఊరికే రాలేదని నాకనిపిస్తుంది. నానాజాతి సమితి కల కన్నది ఆయనే, దాన్ని సొంత దేశపు సెనేట్‌లో నెగ్గించుకోలేకపోయిందీ ఆయనే. శాంతి ఒప్పందాన్ని బయటివాళ్ళతో ఒప్పించడం సగం పని, ఇంట్లో ఒప్పించడం మిగతా సగం. ఆ రోజు మాట్లాడుతున్నవాడికి ఈ పాఠం బాగా తెలుసు.

ఆ తర్వాత అసలు విషయం, శాంతి. ముందుగా అది ఏది కాదో చెబుతాడు. అమెరికా ఆయుధాలతో ప్రపంచం మీద రుద్దే శాంతి కాదు, సమాధిలోని నిశ్శబ్దం కాదు, మనుషులు ఒక్క రాత్రిలో మారిపోతే వచ్చే కలల శాంతి కాదు. మెల్లగా, ఒక్కో ఒప్పందంగా, ఒక్కో సంస్థగా కట్టుకునేది. పొరుగువాణ్ణి ప్రేమించనక్కర్లేదు, ఓర్చుకుంటే చాలు అనే స్థాయికి శాంతిని కిందికి దించాడు. వినడానికి ఇది ఆదర్శం తగ్గించినట్టే ఉంటుంది. పనిచేసే మార్గం మాత్రం అదే. పూర్తి స్నేహం కావాలంటే ఎవరూ కదలరు. ఒక్క సంతకం చాలంటే కదలొచ్చు.

అప్పుడు ఉపన్యాసం ఒక మలుపు తిరుగుతుంది. సోవియట్ నాయకులు తమ ధోరణి మార్చుకోవాలి, నిజమే, కానీ మన ధోరణిని కూడా మనం పరీక్షించుకోవాలి అంటాడు. శాంతి గురించి, సోవియట్ యూనియన్ గురించి, ప్రచ్ఛన్న యుద్ధం గురించి, చివరగా సొంత దేశంలోని స్వేచ్ఛ గురించి. ఒక్కోదాన్నీ వరసగా తీసుకుంటాడు. శత్రువు తప్పులు చదివితే ఓట్లు రాలే కాలంలో, మనల్ని మనం చూసుకుందాం అనడం మామూలు సాహసం కాదు. పైగా ఇది 1960 ఎన్నికల్లో క్షిపణుల సంఖ్యలో మనం వెనకబడ్డామని ప్రచారం చేసి గెలిచిన మనిషి నోటి నుంచి వచ్చింది.

ఇక నాకు మళ్ళీ మళ్ళీ చదవాలనిపించే భాగం. కమ్యూనిజం మాకు బొత్తిగా నచ్చదని ముందు స్పష్టంగా చెబుతాడు. ఆ వాక్యం ఇంట్లో వాళ్ళ కోసం, మెతకబడ్డాడన్న నింద పడకుండా. వెంటనే, ఆ ప్రజలు సాధించినవాటిని మెచ్చుకుంటాడు: విజ్ఞానంలో, అంతరిక్షంలో, పరిశ్రమల్లో, సంస్కృతిలో. మన రెండు దేశాలూ ఒకదానితో ఒకటి ఎన్నడూ యుద్ధం చెయ్యలేదని గుర్తుచేస్తాడు. ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ ప్రజలు పోగొట్టుకున్నది చెబుతాడు. కనీసం రెండు కోట్ల ప్రాణాలు. దేశంలో మూడో వంతు భూభాగం నాశనం. దీన్ని అమెరికన్ల పటం మీదికి తెస్తాడు: చికాగోకి తూర్పున ఉన్న అమెరికా మొత్తం బూడిదైతే ఎలా ఉంటుందో, అంత.

ఈ ఒక్క పోలికలో ఎన్ని పనులు జరుగుతున్నాయో చూడండి. మైదానంలో కూర్చున్న తల్లిదండ్రులకి న్యూయార్క్, బోస్టన్, తాము కూర్చున్న వాషింగ్టన్, అన్నీ ఆ గీతకి తూర్పునే ఉన్నాయి. రెండు కోట్లు అనే అంకె ఎవరినీ కదిలించదు, తన ఊరు కదిలిస్తుంది. అదే సమయంలో మాస్కోలో ఈ వాక్యం చదివేవాడికి ఇంకో సంగతి అందుతుంది: మీరు ఏం పోగొట్టుకున్నారో మాకు తెలుసు. సోవియట్ యూనియన్‌లో అన్నదమ్ముల్లోనో, తండ్రిలోనో ఒకరిని ఆ యుద్ధంలో పోగొట్టుకోని ఇల్లు అరుదు. అమెరికన్ అధ్యక్షుడు ఆ దుఃఖాన్ని పేరు పెట్టి పలికాడు. వాక్యం ఒకటే, ఒక చెవికి హెచ్చరిక, ఇంకో చెవికి గౌరవం.

ఆ వెంటనే అందరికీ తెలిసిన మాట వస్తుంది. చివరికి మనందరిదీ ఒకే చిన్న గ్రహం, ఒకే గాలి, మన పిల్లల మీద ఒకే ఆశ, అందరం పోయేవాళ్ళమే అని. జిరాక్సు కాగితం మీద చదివినప్పుడు ఇది నాకు అందమైన సామాన్యోక్తిలా అనిపించింది. పాలపళ్ళ సంగతి తెలిశాక అలా అనిపించలేదు. ఒకే గాలి అన్నది 1963లో అలంకారం కాదు. ఒకరి బాంబు ధూళి ఇంకొకరి పిల్లల ఎముకల్లో నిజంగానే ఉంది.

ఇంత దారి వేశాక, చివర్లో రెండు ప్రకటనలు. ఒకటి, క్రుశ్చేవ్, బ్రిటన్ ప్రధాని మాక్మిలన్, తాను కలిసి పరీక్షల నిషేధం మీద మాస్కోలో ఉన్నత స్థాయి చర్చలకి ఒప్పుకున్నామని. రెండు, ఇతర దేశాలు చెయ్యనంతకాలం అమెరికా గాలిలో అణుపరీక్షలు చెయ్యదని. ఈ రెండే విధానం. మిగతా ఉపన్యాసమంతా ఈ రెండు మాటలూ లొంగుబాటులా వినపడకుండా చెయ్యడానికి కట్టిన పందిరి.

విన్నదెవరు? మాస్కో విన్నది. ఉపన్యాసం పూర్తి పాఠాన్ని సోవియట్ పత్రికలు అచ్చువేశాయి. ఎప్పుడూ రొదతో అడ్డుకునే అమెరికన్ రేడియో ప్రసారాన్ని ఈసారి దాదాపుగా వదిలేశారు. రూజ్వెల్ట్ తర్వాత ఏ అమెరికన్ అధ్యక్షుడూ ఇంత మంచి ఉపన్యాసం చెయ్యలేదని క్రుశ్చేవ్ తర్వాత అమెరికా రాయబారి హారిమన్‌తో అన్నాడు. జూలై 2న తూర్పు బెర్లిన్‌లో తాను చేసిన ఉపన్యాసంలో, భూగర్భ పరీక్షలని పక్కన పెట్టి మిగతావి నిషేధిద్దామని ప్రతిపాదించాడు. మూడా, ఎనిమిదా అనే గొడవ దాంతో అడ్డు తొలగింది. ఉపన్యాసానికి జవాబు ఉపన్యాసంలోనే వచ్చింది.

ఇంట్లో మాత్రం చడీచప్పుడూ లేదు. వారంలో వైట్‌హౌస్‌కి వచ్చిన దాదాపు యాభై వేల ఉత్తరాల్లో ఈ ఉపన్యాసం గురించి వచ్చినవి సుమారు తొమ్మిది వందలు. సరుకు రవాణా ఛార్జీల బిల్లు మీద 28 వేలకు పైగా. అది చదివి నేను మొదట నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, కెన్నెడీకి ఆ నిశ్శబ్దం కూడా కలిసొచ్చిందేమో అనిపించింది. కోపంతో రాసినవాళ్ళు చాలా కొద్దిమంది. ఈ మాటలు అంటే దేశం తిరగబడుతుందన్న భయం ఉత్తిదని తేలింది. ఆగస్టు 5న మాస్కోలో సంతకాలయ్యాయి. సెప్టెంబర్ 24న సెనేట్ 80-19 ఓట్లతో ఆమోదించింది. విల్సన్‌కి దక్కనిది కెన్నెడీకి దక్కింది. అక్టోబర్ 10న ఒప్పందం అమలులోకి వచ్చింది. నవంబర్ 22న కెన్నెడీ హతుడయ్యాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది నీతికథ అవుతుంది. కానీ జూన్ 26 కూడా ఉంది. సరిగ్గా పదహారు రోజులకి పశ్చిమ బెర్లిన్‌లో లక్షల మంది ముందు నిలబడి ఇదే కెన్నెడీ, కమ్యూనిస్టులతో కలిసి పనిచెయ్యొచ్చనేవాళ్ళు ఒకసారి బెర్లిన్‌కి వచ్చి చూడండని ఎద్దేవా చేశాడు. జూన్ 10న కలిసి పనిచెయ్యొచ్చన్నది తనే కదా! గోడ కళ్ళెదుట ఉంది, జనం ఉప్పొంగుతున్నారు, నోరు జారింది. అదే రోజు అక్కడి ఫ్రీ యూనివర్సిటీలో మాట్లాడినప్పుడు స్వరం మళ్ళీ తగ్గించుకున్నాడు. రెండు చోట్లా జనమే. ఒకచోట వాళ్ళని ఆలోచనవైపు లాగాడు, ఇంకోచోట వాళ్ళు ఆయన్ని ఉద్వేగంవైపు లాగారు. వక్త ఉద్దేశం అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఎదుట కూర్చున్నవాళ్ళు దాన్ని ఎటైనా వంచగలరు.

ఒప్పందం కూడా అసంపూర్ణమే. ఫ్రాన్స్, చైనా సంతకం చెయ్యలేదు. పరీక్షలు ఆగలేదు, భూమి కిందికి దిగాయి. ఆగస్టు 8న సంతకం చేసిన భారతదేశం, 1974 మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష చేసింది. అది భూగర్భంలో, అంటే ఒప్పందం వదిలేసిన సందులో. అందరికంటే ముందు ఆపమని అడిగిన దేశం చేరిన చోటు అది. అయినా గాలిలో పేలుళ్ళు ఆగాక పాలలో, పళ్ళలో ఆ విషం తగ్గుతూ వచ్చింది. ఒక స్నాతకోపన్యాసానికి అది చిన్న ఫలితమేమీ కాదు.

మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. వక్త ముఖ్యోద్దేశం ఏమిటి? ఇవాళ నన్నడిగితే, నాలుగింటిలో ఏదీ టిక్కు పెట్టను. ఇలా రాస్తాను: అవతలివాడు అవమానపడకుండా ఒప్పుకోవడానికి, ఇవతలివాళ్ళు దాన్ని ఓటమి అనుకోకుండా ఉండడానికి, ఒకేసారి చోటు కల్పించడం. ఎదురుగా కూర్చున్న పట్టభద్రులు ఇందులో సాక్షులు. ఒప్పందం తప్పిపోతే యుద్ధానికి వెళ్ళాల్సింది వాళ్ళే కాబట్టి సరైన సాక్షులు కూడా.

నాకిది చరిత్ర పాఠంగా మాత్రమే మిగల్లేదు. మన సరిహద్దుకి రెండువైపులా అణుబాంబులున్నాయి. ఉద్రిక్తత పెరిగిన రాత్రుల్లో నా ఫోన్‌లోని ఫ్యామిలీ గ్రూపులు ఎలా ఉంటాయో నాకు తెలుసు, మీవీ అలాగే ఉండొచ్చు. మనల్ని మనం కూడా ఒకసారి చూసుకుందామా అని అక్కడ టైపు చేసి, పంపకుండా తుడిచేసిన సందర్భాలు నాకున్నాయి. పెదనాన్న ఏమంటాడో, బాబాయి ఏమంటాడో అన్న భయం. అదేమీ వైట్‌హౌస్ కాదు, ఇరవై మంది ఉన్న గ్రూపు. అందుకే, ఓటర్లు వింటుండగా శత్రువు ఇంట్లోని చావుల గురించి గౌరవంగా మాట్లాడిన ఆ ఇరవయ్యేడు నిమిషాలని నేను తేలిగ్గా తీసుకోలేను.